ముందురోజే ముగిసిన పోలింగ్

పల్నాడులో పోలింగ్ అత్యంత ప్రశాంతంగా ముగిసిందని ‘జనతూర్యం’ దినపత్రిక ఎడిషన్ ఇన్‌చార్జి సుధీర్ బాబు గారు నరసరావుపేట ఆఫీసులో పోలింగ్‌కి ముందురోజే ప్రకటించారు. పత్రిక ఇక్కడ పోటీలో ఉన్న మంత్రిగారి బావమరిదిది. జరిగాక రాసేవాడు మామూలు విలేకరి, జరగకముందే రాసేవాడు దార్శనికుడు అన్నది సుధీర్ బాబు గారి సిద్ధాంతం.

కారంపూడి కంట్రిబ్యూటర్ ఇన్నయ్య ఆ సిద్ధాంతానికి పరమభక్తుడు. జీతంలేని ఆ కొలువు పట్టుకుని ఏళ్లతరబడి వేలాడుతున్నాడు పాపం. ఈసారి మండలం నుంచి ఒక్క గొడవ వార్త కూడా రాకపోతే స్టాఫ్ రిపోర్టర్‌ని చేస్తామని మాటిచ్చారు. గొడవ అచ్చయితే రీపోలింగ్ అంటారు, రీపోలింగ్ అంటే మంత్రిగారికి చలిజ్వరం. అందుకే ఇన్నయ్య ‘బారులు తీరిన ఓటర్లు, వెల్లివిరిసిన చైతన్యం’ అని ముందే టైపు చేసి పంపేసి నిశ్చింతగా ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే చైతన్యం కర్రలు పట్టుకుని బూత్‌కి వచ్చింది.

“మీ పేట ఓట్లన్నీ అయిపోయినయ్, ఇళ్లకు పోండి” అన్నారు మంత్రిగారి మనుషులు.

క్యూలో ముందున్నది ఇన్నయ్య భార్య గ్రేసమ్మే. “నేనెయ్యకుండా ఎట్టా అయిపోద్దిరా?” అంది.

న్యాయమైన ప్రశ్నే. జవాబుగా మెట్ల మీంచి తోశారు. చెయ్యి విరిగింది.

ఆస్పత్రి వరండాలోంచి ఇన్నయ్య ఫోన్ చేశాడు. “సార్, బూత్ కాడ కొట్లాట. మా ఇంటిదాని చెయ్యి ఇరిగింది.”

“పేజీ అయిపోయిందయ్యా. ప్రశాంతం అని హెడ్డింగ్ కూడా పెట్టేశాం. ఇప్పుడు కొట్లాటంటే ఎక్కడ పెట్టమంటావ్?”

“చానా పెద్ద కట్టేశారు సార్...”

“కట్టా?” సుధీర్ బాబు గారి గొంతులో వాత్సల్యం పొంగింది. “ఫొటో పంపు. మొహం బాగా కనపడాలి. నీ సంగతి నేను చూసుకుంటా.”

“పేపర్లో పడితే మళ్లీ ఓట్లు పెడతారు గదయ్యా?” అంది గ్రేసమ్మ. నొప్పి ఓర్చుకుంటూ, పైట సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఇన్నయ్య ఫొటో తీశాడు.

తెల్లారేసరికి గ్రేసమ్మ మొదటి పేజీలో ఉంది. వేలికి లేని సిరాచుక్క ఫొటోలో నిగనిగలాడుతోంది.

ఇన్నయ్య పైకి చదివాడు. “విరిగిన చెయ్యి ఆపలేదు! కట్టుతోనే వచ్చి ఓటేసిన పల్నాటి వీరవనిత!” కింద ఇంకో లైనుంది. అదీ చదివాడు, కాస్త గట్టిగా. “ఇన్నయ్య, స్టాఫ్ రిపోర్టర్.” అతనికి సిగ్గేసింది. అంతకంటే కొంచెం ఎక్కువగా సంతోషం వేసింది.

గ్రేసమ్మ పేపర్ లాక్కుని తన ఫొటో వంక చాలాసేపు చూసింది.

“ఎవరికేశానో కూడా రాశారేమో చూడయ్యా” అంది.