దశరథ కాయిల్‌కు రాయల్టీ

పోలీసు చర్య ముగిసిన మరుసటి ఏడాది ఒక ఉదయం సూర్యాపేట దశరథ వేసుకున్న పథకం చిన్నదే. మొదటి బస్సుకు కోదాడ వెళ్లాలి, తన కాయిల్‌ను కాజేసిన మల్సూర్‌ను రాయల్టీకి ఒప్పించాలి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. బ్యాటరీ రేడియోలో మద్రాసు స్టేషను ఖంగుమని పలికించే ఆ కాయిల్‌ను చుట్టింది తానే. ఒంటిగది దుకాణానికి ‘దశరథ వైర్‌లెస్ కంపెనీ, పేటెంట్’ అని బోర్డు కూడా రాయించాడు. పేటెంటు అంటే బోర్డు మీద రాయించుకునేదేనని అతని గట్టి నమ్మకం.

"బువ్వకు వస్తవా?" అని భార్య సుగుణ అడిగింది.

"నా కాయిల్ నాదని ఒప్పించినంక వస్త!"

కోదాడలో ‘మల్సూర్ రేడియో కంపెనీ’ యజమాని నింపాదిగా చాయ్ తాగుతున్నాడు. "నీ కాయిలా? మిర్యాలగూడ అంజన్న రేడియోలో చూసి నేర్చుకున్నానయ్యా. ఏదున్నా ఆయన్నే అడుగు" అన్నాడు. దశరథ వదిలే రకమా! మల్సూర్‌ను కూడా బస్సెక్కించి మిర్యాలగూడ లాక్కెళ్లాడు.

అక్కడ మూడో కంపెనీ అంజన్నది. "నీ దగ్గర కొన్న రేడియోనే ఇప్పి సూసిన. కొన్నంక నాదే గదా?" అన్నాడతను. ముగ్గురి అరుపులకు బజారంతా పోగైంది. చివరకు గొర్రెల కాపరుల పెద్ద బీరన్న పంచాయితీకి కూర్చుని, అసలు రాయల్టీ అంటే ఏమిటో చెప్పమన్నాడు. దశరథ గొంతు పోయేలా వివరించాడు.

"గింతేనా! పొట్టేలు ఒకనిది, గొర్లు ఇంకొకనియి. పుట్టిన పిల్లల్ల పొట్టేలాయనకు వాటా ఉంటది. కాయిల్ దశరథది, రేడియోకింత వాటా ఇయ్యాలె. ఖతం!"

దశరథ పట్టరాని సంతోషంతో తువ్వాలు ఎగరేశాడు. మల్సూర్, అంజన్నల మొహాలు మాడిపోయాయి.

"జర ఆగు. మా కాడ ఇంకో కట్టుబాటున్నది" అన్నాడు బీరన్న. "పిల్లకు రోగమొస్తే వాటా తినెటోడే సూసుకోవాలె. మూగవోయిన రేడియోలన్నీ ఇగ దశరథే బాగుజెయ్యాలె, పుక్యానికి, పైస తీస్కోకుండ."

తీర్పు దశరథ కంటే ముందే సూర్యాపేట చేరింది. మూడో నాటికల్లా హాలియా నుంచి, నేరేడుచర్ల నుంచి ఎడ్లబండ్లు వచ్చి దుకాణం ముందు ఆగాయి. వానకు తడిసినవి, ఎలుకలు కొరికినవి, అత్తాకోడళ్ల కొట్లాటలో కిందపడినవి, అన్నీ రేడియోలే. మల్సూర్ స్వయంగా ఓ బండెడు తోలుకొచ్చి, "మీ కాయిలేనండీ" అన్నాడు వినయంగా. కొత్త రేడియో ఒక్కటి కట్టే తీరిక లేక, కంపెనీ మూతబడేలా ఉందని దశరథకు దడ పుట్టింది.

వారం తిరగకముందే అతను బీరన్న ముందు నిలబడి, ఆ కాయిల్ తనది కానే కాదని అంతే పట్టుదలగా వాదించాడు.

అది దశరథదేనని సాక్ష్యం చెప్పడానికి మల్సూర్, అంజన్న పిలవకుండానే వచ్చారు.