మరిది మోసిన ఓటు

డ్రైవరమ్మ ఆ ఉదయం పెట్టుకున్న పనులు రెండే. పోస్టల్ ఓటు కవరును ఎన్నికల ఆఫీసు పెట్టెలో వేసి రావడం, వచ్చి కంటినిండా నిద్రపోవడం. పోలింగు నాడు ఆమె దూరపు రూటు బస్సు నడపాలి. అందుకే ఓటు కాగితం ముందుగానే ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం అయిదులోపు ఆఫీసుకు చేరకపోతే అది చెల్లదు.

వంటింటి తలుపు గడియ పెట్టుకుని, రిటైరైన నర్సమ్మ పేరుకెదురుగా గుర్తు పెట్టింది. గడియ ఎందుకంటే, ఈ వార్డు ఎన్నికల్లో నర్సమ్మ మీద పోటీ చేస్తున్నవాడు సాక్షాత్తూ డ్రైవరమ్మ మరిది, రంగుల కొట్టు యజమాని. మనిషి వెన్నపూస. వదినంటే ప్రాణం పెడతాడు. కానీ గెలిస్తే బస్టాపును తన కొట్టు ముందున్న మలుపులోకి మార్పిస్తానని ఊరంతా చెప్పుకొచ్చాడు. ఆ మలుపులో బస్సు ఆగితే వెనకొచ్చేవాళ్ళ గతేమిటో స్టీరింగు పట్టుకునే ఆమెకు తెలుసు. చెప్పి చూసింది కూడా. "నువ్వు నడుపుతుంటే భయమేంటి వదినా!" అని నవ్వేశాడు.

ఓటు కాగితాన్ని చిన్న కవరులో పెట్టి అంటించింది. దాన్నీ, ఓటు వేసింది తానేనని చెప్పే డిక్లరేషన్ కాగితాన్నీ కలిపి పెద్ద కవరులో పెట్టి అదీ అంటించింది. హమ్మయ్య అనుకుంటూ గడియ తీస్తే గుమ్మంలో మరిది.

"ఓటేశావా వదినా?"

"వేశాను బాబూ."

"డిక్లరేషన్ మీద సంతకం పెట్టావుగా?"

ఆమె చేతిలోని కవరు వైపు చూసుకుంది. పెట్టలేదు.

"సంతకం లేకపోతే లెక్కపెట్టకుండా పక్కన పడేస్తారు! ఏదీ, ఇలా ఇవ్వు."

"నేను చూసుకుంటాలే. నీకు ప్రచారం పనులుంటాయి. అయినా ఒక్క ఓటే కదా?"

"ఒక్క ఓటా! ఒక్క ఓటుతో తలరాతలు మారిపోతాయి వదినా!"

హాల్లో పేపరు చదువుతున్న భర్త తలెత్తకుండానే, "ఆవిరి పడితే జిగురు వదుల్తుంది" అని ఉచిత సలహా ఒకటి పారేశాడు. మరిది క్షణాల మీద నీళ్ళు మరిగించి కవరును ఆవిరికి పట్టాడు. పెద్ద కవరు ఊడింది. నేనేం తక్కువ తిన్నానా అన్నట్టు లోపలి చిన్న కవరూ నోరు తెరిచింది. వదిన, కోడిపిల్లను గద్ద తన్నుకుపోయినట్టు దాన్ని లాక్కుని గుండెలకు అదుముకుంది.

"నేను చూడనులే, ఒట్టు! అయినా నా దగ్గర దాపరికమేంటి వదినా?"

ఆమె అతనికి వీపు తిప్పి నిలబడింది.

సంతకం పెట్టి, కవర్లు మళ్ళీ అంటించింది. అవింకా తడిగానే ఉన్నాయి. దారిలో ఆరతాయంటూ మరిది ఆమెను కొట్టు వ్యానులో ఎక్కించుకుని, పెద్ద కవరును ముందు అద్దం దగ్గర ఎండలో పెట్టాడు. ఇద్దరి మధ్యా మూత సరిగా పడని పసుపు రంగు డబ్బా ఒకటుంది. సరిగ్గా కొట్టు ముందు మలుపు తిరిగేసరికి ఎదురుగా ఎవరో కారు ఆపుకుని ఫోను మాట్లాడుతున్నారు. మరిది బ్రేకు తొక్కాడు. కవరు కిందకి జారింది, డబ్బా దాని మీదకి ఒరిగింది.

"మలుపులో బండి ఆపుతారా ఎవరైనా! బుద్ధుండక్కర్లా?" కిటికీలోంచి తల బయటపెట్టి మరిది అరిచాడు.

వదిన వంగి, పసుపు రంగులో మునిగిన కవరును పైకి తీసింది.

ఆఫీసు గేటు దగ్గర ఒక పోలీసాయన వ్యానును ఆపేశాడు. దానికి రెండువైపులా మరిది నిలువెత్తు బొమ్మలు నవ్వుతున్నాయి. ప్రచారం బండి లోపలికి పనికిరాదన్నాడు. మరిది బండిని దూరంగా వదిలి, చొక్కాకున్న బ్యాడ్జీ పీకేసి, వదిన చెయ్యి పట్టుకుని పరుగెత్తాడు. పరుగులో ఒక చెప్పు తెగింది. తీరా వెళ్తే గుమాస్తా భోజనానికి వెళ్ళాడు. ఆ భోజనం ఏ ఊళ్ళో చేశాడో గానీ, నాలుగున్నర దాటాక వచ్చాడు. పసుపు పులుముకున్న కవరును రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు.

"ఏంటమ్మా ఇది?"

"ఓటండీ."

"ఇది రద్దు చేసి కొత్త కాగితమిస్తాను. అదుగో, ఆ తెర వెనక వేసేసి రండి. త్వరగా కానివ్వండి, అయిదైతే పెట్టెకు సీలేస్తాం."

తెర వెనక కూర్చుంటే, కింది సందులోంచి మరిది కాళ్ళు కనిపించాయి. మోకాళ్ళదాకా పసుపు, ఒకటే చెప్పు. నిలకడ లేకుండా అటూ ఇటూ కదులుతున్నాయి.

"వదినా, కంగారు పడకు! సంతకం మర్చిపోకేం!"

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత మంచివాడికి ఒక ఓటేస్తే కొంపలేం మునుగుతాయి? పెన్ను అతని పేరు దగ్గరికి వెళ్ళింది. అంతలో ఇందాకటి బ్రేకు చప్పుడు చెవిలో మోగింది. ఆ మలుపులో, తన బస్సులోంచి, చంకలో పిల్లలతో దిగేవాళ్ళు కళ్ళముందు మెదిలారు. చేతిని వెనక్కి తీసుకుంది. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నర్సమ్మ పేరుకెదురుగానే గుర్తు పెట్టింది. సంతకమూ పెట్టింది.

గుమాస్తా సీలు లక్క పట్టుకుని పెట్టె దగ్గరికి నడుస్తుంటే, "ఆగండాగండి! మా వదిన ఓటు!" అంటూ మరిది అడ్డంగా నిలబడ్డాడు. కవరు లోపల పడింది. అతను అక్కడే చప్పట్లు కొట్టాడు.

ఫలితాలొచ్చాయి. నర్సమ్మ గెలిచింది. ఒక్క ఓటు తేడా.

మరునాడు మరిది వచ్చి వంటింట్లో పీట మీద కూలబడ్డాడు. రాత్రంతా వదినకు కంటిమీద కునుకు లేదు. ఇక దాచకూడదనుకుంది.

"బాబూ, నీకో మాట చెప్పాలి. ఆ రోజు ఆ తెర వెనక..."

"ఏమీ చెప్పొద్దు వదినా," అంటూ అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇంట్లోవాళ్ళకి ముందు నేనే చెప్పుకోవాల్సింది. ఆ బ్రేకు తొక్కినప్పుడే తెలిసింది నాకు, అక్కడ బస్టాపు పనికిరాదని. పేరు పోతుందని నోరు మూసుకున్నాను. గెలిచుంటే ఏం చేసేవాణ్ణో! నీ ఓటుంది కాబట్టి ఒక్క ఓటుతో పరువు దక్కింది. లేకపోతే రెండు ఓట్లతో ఓడిపోయేవాణ్ణి."

ఆ కూడికలో తప్పుందని వదిన చెప్పలేదు. అతని కాఫీలో మాత్రం ఇంకో చెంచా పంచదార వేసింది.