భారతమ్మ కథకు ఆగిన మగ్గాలు

ఆ ఉదయం కోమలి టీచరు వేసుకున్న పథకం చిన్నదే. తన తరగతిలో చదివే రూపశ్రీ వాళ్ళ అవ్వ భారతమ్మ చేత ఒక దెయ్యం కథ చెప్పించి ఫోనులో వీడియో తీయాలి. మధ్యాహ్నం దాన్ని తరగతిలోని పెద్ద టీవీలాంటి డిజిటల్ ప్యానెల్ మీద వేయాలి. ఆ వేళకే మండల విద్యాధికారి వస్తున్నాడు. ప్యానెల్ వాడకం కనబడకపోతే పీకించి వేరే బడికి పంపిస్తానని ముందే కబురు పెట్టాడు. దాని మీద కథలు వస్తాయనే, ఇళ్ళలో మగ్గాలకు నూలు కండెలు చుట్టే పిల్లలు బడి మొహం చూడటం మొదలుపెట్టారు. అది పోతే వాళ్ళూ పోతారని కోమలి భయం.

వచ్చిన చిక్కల్లా నగరి ఊళ్ళో అవ్వ ఉండే వీధితోనే. ప్రతి ఇంట్లోనూ మరమగ్గాలే. ఆ దడదడలో అవ్వ పెదాలు కదలడం తప్ప మాట వినబడదు. కాసేపు మగ్గాలు ఆపమని అడగడానికి కోమలి రూపశ్రీని పక్కింటి ధనశేఖర్ దగ్గరికి పంపింది.

"మామా, మా అవ్వ కోసరం మగ్గాలు ఆపాలంట. టీచరమ్మ సెప్పింది," అని ఆ పిల్ల ఒక్క గుక్కలో చెప్పేసి పరుగున వచ్చేసింది.

ఆ వీధిలో పట్టపగలు మగ్గాలు ఆగేది ఎవరైనా పోయినప్పుడే. పుత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చే కోమలికి ఆ సంగతి తెలియదు. ధనశేఖర్ మోటార్లు కట్టేసి, భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు. ఎదురింటి మగ్గం ఆగింది. ఆ పక్కదీ ఆగింది. ఏమైందని నోరు తెరిచి అడగడం అక్కడ మర్యాద కాదు గనుక, చూస్తుండగానే వెనక వీధి కూడా ఆగిపోయింది.

గోడ మీద బల్లి పాకే చప్పుడు కూడా వినబడుతోంది. కోరుకున్నదే దక్కిందని కోమలి ఫోను ఎత్తి పట్టింది.

భారతమ్మ గడప పక్క గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుంది. భయపెట్టే చోటు వచ్చినప్పుడల్లా అలా చేయడం ఆమెకు అలవాటు. "నేసే మగ్గం మద్దెలో ఆపితే సచ్చిన నేతగాడు ఊరుకోడు బిడ్డా. గడప కాడికొచ్చి నిలబడతాడు. పిలవడు, పలకడు. ఊరికే సూస్తా ఉంటాడు..." అని ఆగింది.

కోమలి ఫోను మీదుగా తలెత్తింది. గడప దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆయన వెనక ఇంకొకరు. ఆ వెనక మరికొందరు. పిలవకుండా, పలకకుండా, ఊరికే చూస్తున్నారు.

కథ వినడానికి చుట్టూ చేరిన పిల్లలకు భయంతో కళ్ళనీళ్ళు కారిపోయాయి. కోమలి ఫోను దించబోయింది. అయినా వీడియో పాడవకూడదు కదా, వేలు పెదాల మీద పెట్టి అందరికీ సైగ చేసింది. వచ్చినవాళ్ళకు ఇంతకంటే రుజువేం కావాలి? పూలు అమ్మే నిర్మలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంటూ వచ్చి, భారతమ్మ మెడలో బంతిపూల దండ వేసింది.

భారతమ్మ కళ్ళు తెరిచింది. "ఎవురే అది, కత మద్దెలో?"

"లేసిందిరా నాయనా!" అన్న ధనశేఖర్ కేకకు వీధి వీధంతా పరుగందుకుంది. అతను బస్టాండు దాకా పోయి గానీ వెనక్కి తిరగలేదు.

"సావు ఎవురిదే?" అంది భారతమ్మ దండ తడుముకుంటూ.

"నీదే అవ్వా," అంది రూపశ్రీ.

"అట్నా? నాకు ఒక మాటన్నా సెప్పకూడదా?"

మళ్ళీ తీయడానికి వేళ లేక, మధ్యాహ్నం కోమలి ఆ వీడియోనే వేసింది. కిటికీలు మూసిన గదిలో, తెర మీద గడప దగ్గర మొదటి మనిషి కనబడగానే విద్యాధికారి కుర్చీ వెనక్కి జరిపాడు. అవ్వ కళ్ళు తెరిచేసరికి పక్కనున్న హెడ్మాస్టరు చేతిని గట్టిగా పట్టేసుకున్నాడు. లైటు వేశాక కూడా వదల్లేదు.

"ప్యానెల్ ఈడే ఉంటాదమ్మా," అన్నాడు చివరికి, చెమట తుడుచుకుంటూ. కోమలికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. "మీరు మాత్రం రేపట్నుంచి ఈడొద్దు. మండలంలో టీచర్లందరికీ ఈ విద్య నేర్పించాల. ఆర్డరు నేనిస్తా."

ప్యానెల్ మిగిలింది, టీచరు పోయింది. దాన్ని నడపడం ఆ బడిలో ఇంకెవరికీ రాదు. పిల్లలు కొన్నాళ్ళు ఆ నల్లటి తెర వంక చూసి చూసి, భారతమ్మనే బడికి పిలుచుకొచ్చారు.

ఆమెకు కరెంటూ అక్కర్లేదు, నడిపేవాళ్ళూ అక్కర్లేదు.