పథకంలో మొదటి ఇల్లు

"ఇకమీదట ఈ ఊళ్ళో ఇల్లు లేని మనిషి కనిపించడు" అని గృహనిర్మాణ మంత్రిగారు ప్రకటించారు. ఆయన మాట మీద నిలబడే మనిషి. 'అందుబాటు ఇళ్ళ పథకం' మొదలుపెట్టడానికి ముందు ఆఫీసు కావాలన్నారు.

నా ఇనప సామాన్ల కొట్టు వెనక ఒక గది ఉంది. పథకం ఆఫీసరుగారు దాన్ని చూసి అద్దె ఎంతిస్తారో చెప్పారు. ప్రభుత్వం నోట అంత మంచి మాట నేనెన్నడూ వినలేదు.

ఆ గదిలో ఒక దర్జీ, ఎనిమిదో నెల కడుపుతో ఉన్న అతని భార్య కాపురముంటున్నారు. ఖాళీ చెయ్యమన్నాను.

"కాన్పయ్యేదాకా ఆగరాదా అన్నయ్యా?" అందా అమ్మాయి.

"నాదేముందమ్మా, అందరికీ ఇళ్ళు రావాలని గాని" అన్నాను. వ్యాపారంలో మొహమాటం ఎప్పుడూ నష్టాల పద్దే.

పథకం వస్తోందని తెలియగానే చుట్టుపక్కల అద్దెలన్నీ లేచి కూర్చున్నాయి. వేరే గది దొరక్క దర్జీ తన కుట్టుమిషను తెచ్చి నా కొట్టు ముందు పేవ్‌మెంటు మీద పెట్టుకున్నాడు. ఆఫీసు తెరవగానే మొదటి దరఖాస్తు అతనే ఇచ్చాడు. ఆఫీసరు మురిసిపోయారు.

"నిజంగానే ఇల్లు లేదా?"

"లేదు సార్."

"ఎప్పట్నించి?"

"మీరొచ్చినప్పట్నించి."

"చూశారా! పథకం పెట్టాకే అర్హులు బయటపడుతున్నారు!" అన్నారు నాతో.

ఇంటి ధర విని దర్జీ నీరుగారిపోయాడు. "అంత నాకెక్కడిది సార్?"

"ధర అందుబాటులోనే పెట్టాం. అందుకోవాల్సింది నువ్వు."

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చారు. ఆఫీసరు దర్జీని ముందుకు తోశారు. "సార్, ఇప్పుడు మన ఆఫీసున్న గది ఈయన ఖాళీ చేసిందే."

"ప్రభుత్వం కోసం ఇల్లు వదులుకున్నాడా!" మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. దర్జీని కావలించుకున్నారు. ఫోటో తీసి గంటలో ఇద్దరి బొమ్మలతో పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. దాని మీద 'త్యాగమూర్తి' అని రాయించారు.

"మరి నా ఇల్లు సార్?" అన్నాడు దర్జీ.

"ఇంత త్యాగం చేసి మళ్ళీ తిరిగి అడుగుతావా? వచ్చిన పేరు చెడగొట్టుకోకు" అన్నారు మంత్రిగారు.

సాయంత్రం వాన పట్టుకుంది. దర్జీ ఫ్లెక్సీ విప్పి కొట్టు ముందు పందిరిలా కట్టాడు. తాడు నేనే ఇచ్చాను, కొన్న ధరకే.

"మంత్రిగారి మొహం లోపలివైపు పెట్టు. పాపం, తడిసిపోతారు" అంది భార్య.

మర్నాడు ఆఫీసరు ఫోటోగ్రాఫరుతో వచ్చారు. పందిరిని కిందా మీదా చూశారు.

"కప్పు ప్రభుత్వానిదే. మొదటి ఇల్లు పూర్తయింది!" అంటూ నంబరు పలక తీశారు. కొట్టడానికి గోడ కోసం వెతికి, దాన్ని ఆ అమ్మాయి చేతికిచ్చారు. "పట్టుకొని నుంచోమ్మా."

ఆమె నడుం పట్టుకొని మెల్లగా లేచింది. "ఎంతసేపు సార్?"

"గోడలు రెండో విడతలో వస్తాయి. అందాకా."