నల్లపెట్టె ముప్పై ఎనిమిది, తెల్లపెట్టె అరవై ఒకటి

ఏ వీడియో గేమ్ కంపెనీ ఏడాదికి ఎన్ని గేములు విడుదల చేసిందో పోల్చుకోవడం కన్నా సంసారానికి మేలు చేసే పని ఇంకొకటి లేదు. నవ్వకండి. అనుభవించినదాన్ని చెబుతున్నాను.

ముందు ఒక సంగతి. మా ఇంట్లో గేము ఆడే పెట్టె లేదు. పలాసకీ వజ్రపుకొత్తూరుకీ మధ్యనున్న మా ఊళ్ళో ఎవరింట్లోనూ లేదు. లేకపోతేనేం? వస్తువు ఇంట్లో ఉంటే దానితో ఆడుకుంటూ కూర్చుంటారు. లేనప్పుడే కదా మనసు పెట్టి పోల్చగలరు!

పోల్చేవాళ్ళు ఇద్దరు. మా ఆయన షాలేమ్ రాజు, మా అన్నయ్య ప్రదీప్ కుమార్. ఇద్దరిదీ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ పని. శుక్రవారం డ్యూటీ దిగగానే కాశీబుగ్గ నెట్ సెంటరుకి వెళ్ళి లిస్టులు రాసుకొస్తారు. మా ఆయన నల్లపెట్టె కంపెనీ వైపు, మా అన్నయ్య తెల్లపెట్టె కంపెనీ వైపు. ఆ పెట్టెల్ని బొమ్మలో తప్ప చూడలేదు. అయినా ఎంత నిష్ఠ!

ఇందులో మేలేమిటంటారా? భర్త తాగుడికి పోడు, పేకాటకి పోడు. ఎక్కడున్నాడని వెతకక్కర్లేదు. అరుగు మీదే ఉంటాడు. అక్కడ లేనిది అతని చెవులొక్కటే.

మా పాప జాయ్‌కి ఏడో నెల నడుస్తోంది. అంగన్‌వాడీలో నీలమ్మ గారు తూకం వేసి, కార్డు మీద రాసి, "టెక్కలిలో పిల్లల డాక్టరుకి సూపించమ్మా, ఆలీసం సెయ్యకు" అన్నారు. ఆ మాట మా ఆయనకి చెప్పాను.

"ఈ వారం కాదే. నల్లపెట్టోడు కొత్త లిస్టు వదుల్తన్నాడు."

పై వారం తెల్లపెట్టెవాడు వదిలాడు. ఆ పై వారం ఇద్దరూ వదల్లేదు. ఎందుకు వదల్లేదో తేల్చాల్సి వచ్చింది. కంపెనీలు అంత కష్టపడుతుంటే మధ్యలో పిల్ల కార్డు పట్టుకుని నిలబడటం నాదే తప్పు కదండీ?

మా చర్చిలో పాటల బోర్డు ఉంది. రెండు వరుసల్లో రేకు అంకెలు తగిలిస్తారు. పాస్టరు గారు నంబరు చెప్పరు. బోర్డు మీద ఏది ఉంటే హార్మోనియం దగ్గర జీవరత్నమ్మ గారు అది ఎత్తుకుంటారు, సంఘమంతా అందుకుంటుంది. ఎత్తుకున్న పాట ఆఖరి చరణం దాకా పాడాల్సిందే. శనివారం సాయంత్రం అంకెలు తగిలించే సేవ మా ఆయనది.

ఆ ఆదివారం మా జాయ్‌ని ప్రతిష్ఠ చేస్తున్నారు, అంటే సంఘం ముందు బిడ్డని దేవుడికి అప్పగించే ప్రార్థన. ముందురోజు బావాబావమరుదులు బోర్డు దగ్గర వాదించుకుని, పక్కపక్కన కనబడితే తేడా తెలుస్తుందని ఆ ఏడాది లెక్కలు దాని మీద తగిలించారు. నల్లపెట్టె ముప్పై ఎనిమిది. తెల్లపెట్టె అరవై ఒకటి. వాదన తెగలేదు. అంకెలు మార్చడం మరిచి ఇంటికొచ్చేశారు.

మా పాటల పుస్తకంలో ముప్పై ఎనిమిది పెళ్ళిపాట. అరవై ఒకటి సమాధి దగ్గర పాడేది.

పావుగంటలో నా ఏడు నెలల బిడ్డకి పెళ్ళీ అయింది, భూస్థాపనా అయింది. అయిదు చరణాలూ పాడారు. వెనక చాపల మీద ముసలమ్మలు ఎవరు పోయారో తెలియకపోయినా కళ్ళు ఒత్తుకున్నారు. అంత దుఃఖంలోనూ మా అన్నయ్య గొంతు వినబడింది.

"బావా, అరవై ఒకటి కాదు. అరవై మూడు."

"ఆ రెండూ పాతవే బావా. అట్ట మార్సి వదిలాడు. లెక్కలోకి రావు."

ఆరాధన అయ్యాక సంఘపెద్ద దానియేలు గారు తిన్నగా మా ఆయన దగ్గరికొచ్చారు. "ఏటిరా షాలేమూ, పిల్లకేటైంది? ఆ పాటేటి?"

లిల్లీ అత్త నా చేతిలోంచి జాయ్‌ని అందుకుంది. "పాట సంగతి తరవాత. ఇదేటమ్మా, పిల్ల నీట్లో తేలిన తాలు జీడిపిక్కలాగుంది?"

ఆడవాళ్ళందరూ ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని ఎత్తి చూశారు. అందరూ మా ఆయన వైపు చూశారు.

"రేపు తొలి బస్సుకి టెక్కలి నువ్వు ఎల్తావా, నన్ను తీసుకెళ్ళమంటావా?" అన్నారు దానియేలు గారు.

"ఎల్తాను పెదనాన్నా."

చూశారా? మూడు వారాలు నేను అడిగితే కానిది అరవై ఒకటి తెల్లపెట్టె గేముల వల్ల అయింది.

ఇంకొక్క మాట, మీకు మాత్రమే. ఆదివారం పొద్దున్నే చర్చికెళ్ళి చాపలు పరిచేది నేనే. బోర్డు చూశాను. చదువు ఏడో తరగతితో ఆగినా ఆ నంబర్లు ఏ పాటలో నాకు తెలుసు. మారుద్దామని రేకు మీద చెయ్యి వేశాను. నా బిడ్డ ముందు ఆ పాట పాడితే ఏమవుతుందోనని భయమేసింది. అయినా చెయ్యి తీసేశాను. నా ఒక్కదాని గొంతు ఆయనకి వినబడలేదు కదా, ఊరంతా కలిసి పాడితే వినబడుతుందేమోనని.

సోమవారం టెక్కలిలో డాక్టరు గారు కార్డు మా ఆయన చేతికిచ్చి చదవమన్నారు.

"పోయిన నెల ఆరు కేజీల రెండొందలు. ఈ నెల..." అని మా ఆయన ఆగారు. కార్డు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూశారు. "ఈ నెల ఆరు." నా వైపు తిరిగారు. "తగ్గిపోయింది కదేటే. నాకు సెప్పలేదేటి?"