తాళం తీసిన బాబాయి

మనిషిని మృగం నుంచి వేరుచేసినవి రెండే: పాటకు వేసే తాళం, తలుపుకు వేసే తాళం. ఇంతటి మహత్తర ఆవిష్కరణలు రెంటినీ ఒకే మాటతో సరిపెట్టిన మన పూర్వులు, ఆ పొదుపు వల్ల వచ్చే నష్టాన్ని తాము చూడకుండానే కాలం చేశారు. ఆ నష్టం కాస్తా ఒక శనివారం ఉదయం ఒక యువగాయకుడి నెత్తిన పడింది.

అతడు పగలంతా కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు తుడిచేవాడు. సాయంత్రమయ్యేసరికి 'మౌని' అయ్యేవాడు. ఆ బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు. అతని పాట విన్నవారు దాన్ని బిరుదుగా కాక వాగ్దానంగా భావించి, నెరవేరే రోజు కోసం ఓపికగా ఎదురుచూసేవారు. స్వతంత్ర సంగీతమే తన మార్గమని అతడు చెప్పుకునేవాడు. నిజమే. అతన్ని బంధించడానికి ఇంతవరకూ ఏ సంస్థా ముందుకు రాలేదు.

ఆ ఉదయం స్వతంత్ర గాయకుల ఉత్సవానికి పాటలు ఎంపిక చేసే విదుషీమణి అతని సాధన గదికి వస్తానంది. ఇదే ఆఖరి ప్రయత్నమనీ, ఈసారి కాకపోతే గిటారును అటక ఎక్కిస్తాననీ అతడు అక్కకు మాట ఇచ్చి ఉన్నాడు. అందుకని పళ్ళు తోముకుంటూనే తన పాట మరొక్కసారి విని, తాళమనేది పాట కాళ్ళకు వేసిన సంకెల అని తేల్చాడు. అసలు సంగతేమంటే, పల్లవి రెండో పాదానికి వచ్చేసరికి తాళం ఒక చోటా, తాను ఇంకొక చోటా ఉంటున్నారు. తాను కదలడం కన్నా తాళం తప్పుకోవడమే మర్యాదగా తోచింది. బ్రష్షు నోట్లో ఉండగానే డ్రమ్మరుకు సందేశం కొట్టాడు:

'బాబాయ్, వెంటనే తాళం తీసెయ్. ఇంక మనకది వద్దు. ఆవిడ వచ్చేసరికి అంతా ఓపెన్‌గా ఉండాలి.'

ఈ తరం కుర్రవాళ్ళు స్నేహితుణ్ణి 'బాబాయ్' అంటారు. అసలు బాబాయిలు కూడా ఫోన్లు వాడుతున్నారన్న ఆలోచన ఆ సంప్రదాయంలో లేదు. ఫోనులో ఇద్దరూ 'బాబాయ్' పేరుతోనే ఉండడంతో సందేశం సరాసరి అతని తండ్రికి సొంత తమ్ముడైన బాబాయికి చేరింది. ఆయన సోఫాలు బాగుచేస్తాడు. కొట్టు మీది గదిలో బాగుచేసిన సోఫాలు పెట్టి, వాటి మధ్య మిగిలిన జాగాను పాడుకోమని అన్న కొడుక్కి ఇచ్చాడు.

పొద్దున్నే తనను తలుచుకుని ఒక పని చెప్పినందుకు బాబాయి మనసు కరిగింది. తాళంచెవి డ్రమ్మరు దగ్గర ఉంది కనుక సుత్తి తీసుకుని పైకి ఎక్కాడు. నాలుగు దెబ్బలకు తాళం ఊడింది. ఆరో దెబ్బకు తలుపు కూడా బందుల నుంచి వేరుపడింది. అంతా ఓపెన్‌గా ఉండాలన్నాడు కదా అని బాబాయి ఆ తలుపును మోసుకెళ్ళి కింద కొట్టులో పెట్టాడు.

గది ఎదురుగా పళ్ళ డాక్టరు ఉన్నాడు. ఆ రోజు అక్కడ గోడలకు రంగులేస్తుండడంతో రోగులు బుగ్గలు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డారు. బాబాయి చూడలేకపోయాడు. "ఇక్కడెందుకు నిలబడ్డం? లోపల సోఫాలున్నాయి, కూర్చోండి" అని అందరినీ గదిలోకి పంపాడు.

అప్పుడే డ్రమ్మరు వచ్చాడు. వేగంగా వాయిస్తాడని స్నేహితులు అతన్ని పిడుగు అంటారు. తలుపు లేని గుమ్మం ముందు ఆగి, "ఏమైంది బాబాయిగారూ?" అన్నాడు.

"తాళం వద్దన్నాడుగా మావాడు! నీకు చెప్పలేదా?"

పిడుగు ముఖం పాలిపోయింది. "తాళం వద్దన్నాడా? మీతోనా?"

"పొద్దున్నే పెట్టాడు. ఇంక అక్కర్లేదట."

"ఇన్నేళ్ళు వాడుకుని ఇప్పుడు అక్కర్లేదా?"

"పాతబడిపోయింది కదయ్యా. తుప్పు కూడా పట్టింది. ఒక్కోసారి ఎంత కొట్టినా పడేది కాదు."

"తుప్పా?"

"నువ్వెందుకు బాధపడతావ్? కావాలంటే ఇంకోటి తెచ్చుకోవచ్చు. బజార్లో దానికంటే మంచివి బోలెడున్నాయి, చవగ్గా."

పిడుగు సరాసరి లోపలికి నడిచాడు. డ్రమ్ములు ఒక్కొక్కటే మెట్లు దించి, ఆటోలో వేసుకుని వెళ్ళిపోయాడు. "అభిమానం గల కుర్రాడు. తాళం పోయిందని అంత బాధపడ్డాడు" అని బాబాయి మెచ్చుకున్నాడు.

విదుషీమణిని వెంటబెట్టుకుని మౌని మెట్లెక్కి వచ్చేసరికి గదికి తలుపు లేదు, గదిలో డ్రమ్ములు లేవు, సోఫాల నిండా బుగ్గలు పట్టుకున్న జనం ఉన్నారు. ఆవిణ్ణి వెనక్కి తిప్పబోయాడు. కానీ ఆవిడ అప్పటికే ఒక మామ్మగారి పక్కన కూర్చుంది. గత్యంతరం లేక మౌని గిటారు అందుకున్నాడు.

అతడు ఆలాపన ఎత్తుకోగానే ఒక మూల నుంచి చిన్న మూలుగు వినబడింది. చరణం దగ్గర మరో ఇద్దరు కలిశారు. ఒకాయన కళ్ళు గట్టిగా మూసుకుని తల అటూ ఇటూ ఊపాడు. మామ్మగారి చెంపల మీదుగా కన్నీళ్ళు కారాయి.

విదుషీమణి గొంతు తగ్గించి, "ఎలా ఉందండీ?" అని అడిగింది.

"ఓర్చుకోలేకపోతున్నానమ్మా! లోపల నరం పట్టుకుని లాగేస్తున్నట్టుంది" అంది మామ్మగారు.

పాట ముగిసింది. మూలుగులు ఆగలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈ పాటకి తాళం లేదేం?" అంది.

మౌని తన సంకెల సిద్ధాంతం విప్పేలోగానే గుమ్మంలోంచి బాబాయి, "నేనే తీసేశానమ్మా" అన్నాడు.

"మీరా! ఎందుకని?"

"ఎందుకేమిటమ్మా? తాళం ఉన్నన్నాళ్ళూ మనవాళ్ళు తప్ప ఇటు తొంగిచూసినవాడు లేడు. తియ్యగానే ఎంతమంది వచ్చి కూర్చున్నారో చూడండి."

ఆవిడ ఒళ్ళు జలదరించింది. "తీసేటప్పుడు భయం వెయ్యలేదా?"

"భయమెందుకు? గట్టిగా నాలుగు దెబ్బలు వేశాను. తలుపు కూడా ఊడొచ్చింది. అదీ మంచికే, గాలాడుతోంది."

"లోపలికీ బయటికీ మధ్య గీత కూడా చెరిపేశారన్నమాట!" అంది ఆవిడ పారవశ్యంతో. "మీరు మా ఉత్సవానికి వచ్చి మాట్లాడాలి. అరగంట."

"నేనా? సోఫాలు కుట్టుకునేవాణ్ణమ్మా నేను."

"అదే మాకు కావలసింది."

మౌని గొంతు సవరించుకున్నాడు. "మరి నా పాటండీ?"

ఆవిడ అతని వంక జాలిగా చూసింది. "తాళం తీసేసే దాకా వచ్చారు. ఇంకొక్క అడుగు వెయ్యండి. పాట కూడా తీసేయండి."

చివరికి ఒక ఒడంబడిక కుదిరింది. బాబాయి వేదిక మీద మాట్లాడతాడు. మౌని గిటారు పట్టుకుని, దాన్ని మీటకుండా, పక్కన నిలబడతాడు. బాబాయి వస్తేనే మౌని. బాబాయి రాకపోతే ఇద్దరూ లేరు. విదుషీమణి సెలవు తీసుకోగానే మౌని అక్కకు ఫోను చేశాడు.

"అక్కా, సెలెక్టయ్యానే!"

"ఏ పాటకిరా?"

"పాటకి కాదు... స్టేజీకి."

"ఏమిటోరా బాబూ, ఎక్కావుగా, అంతే చాలు" అంది అక్క. ఆవిడ గొంతులో ఆనందం నిజమైనదే.

ఫోను పెట్టేసి, మౌని బాబాయిని కౌగిలించుకున్నాడు. ఆయన సుత్తి పక్కన పెట్టి, అంతవరకూ ఎవరూ ఆయనకు చెప్పని సంగతి ఒకటి అడిగాడు.

"ఇంతకీ ఎప్పుడట్రా అది?"

"వచ్చే ఆదివారం బాబాయ్, మధ్యాహ్నం."

ఆదివారం మధ్యాహ్నాలు బాబాయి పడుకుంటాడు.