మూడు నంబర్ల మనిషి

ఆస్పత్రికి మతిమరుపు ఉండటం పేషెంటు చేసుకున్న పుణ్యం! నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

నాది సికిల్ సెల్ జబ్బు. రక్తం తగ్గినప్పుడల్లా ఎవరో దాత పుణ్యమా అని ఓ బ్యాగు ఎక్కించుకుంటాను. వెళ్ళిన ప్రతిసారీ కౌంటరాయన "పాత చీటీ లేదా? కొత్త నంబరు తీసుకోండి" అంటాడు. ఇప్పటికి మూడు నంబర్లు. అంటే మూడు జన్మలు! ఏ తపస్సు చేస్తే వస్తాయండీ ఇన్ని?

మొదటి జన్మలో నా ఒంట్లో ఓ యాంటీబాడీ పుట్టింది. దానికి మహా పట్టింపు. గ్రూపు కలిసినా సరే, దాతగారి ఎర్రకణాల్లో తనకి గిట్టనిది కనబడిందా, ముక్కలు చేసి పారేస్తుంది. ల్యాబువాళ్ళు దాని పేరు నా ఫైల్లో శుభ్రంగా రాసుకున్నారు.

కొన్నాళ్ళకి అది సద్దుమణిగి టెస్టుకి దొరక్కుండా పోయింది. రెండో జన్మలో, కొత్త నంబరు కింద పాత ఫైలు కనబడక, "యాంటీబాడీల్లేవు, క్లీన్!" అన్నారు. పొంగిపోయాను. గిట్టని రక్తమే ఎక్కించారు. వారం తిరిగేసరికి అది నిద్రలేచింది. నడుం విరిగినంత నొప్పి, చిక్కటి టీ రంగులో మూత్రం! ఎక్కించింది పోయింది, నా సొంతమూ కొంత పోయింది. దాని జ్ఞాపకశక్తిని మెచ్చుకోవద్దూ?

మొన్న మూడో జన్మ. టెస్టు మళ్ళీ క్లీన్. బ్యాగు వేలాడదీశారు. సిస్టరు పైపు తిప్పబోతుంటే మా అక్క ఇంట్లో వెతికి తెచ్చిన మొదటి జన్మ రిపోర్టు పట్టుకుని అడ్డం నిలబడింది.

"ఇది వేరే నంబరు పేషెంటుది కదమ్మా" అంది సిస్టరు.

"ఆ పేషెంటూ వీడే! పోయినసారి చావు తప్పించుకున్నవాడూ వీడే!"

"కంప్యూటర్లో ముగ్గురున్నారే?"

"మా అమ్మ ఒక్కణ్ణే కన్నది తల్లీ!"

వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, నిజం చెప్పొద్దూ, ఆ బ్యాగు మీంచి కళ్ళు తిప్పకుండా నవ్వాను. అక్క ఆ క్షణాన కింద మందుల షాపు దగ్గర ఉండి ఉంటే?

సిస్టరు మంచిది. బ్యాగు దించేసి బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేసింది. నా మొదటి ఫైలు అదే బిల్డింగులో, కింది అంతస్తు బీరువాలో హాయిగా ఉంది. నాకు పడే రక్తం మర్నాడు వెతికి తెచ్చారు. అది ఎక్కబట్టే ఈ కాలమ్ రాయగలుగుతున్నాను.

ఇంటికి పంపించే రోజున అక్క కౌంటరు దగ్గరికెళ్ళి, మూడు నంబర్లూ కలిపి ఒకటి చెయ్యమని బతిమాలింది. ఆయన ఎంతో మర్యాదగా కుర్చీ కూడా చూపించాడు.

"దానికేం భాగ్యమమ్మా, చేసేద్దాం! ముందు మీ తమ్ముడి పేరు మీద ఓ కొత్త నంబరు తీసుకోండి."